కాంక్రీటుకున్నపాటి గడువు

ఒకప్పుడు ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్, బిర్లామందిర్, జూపార్కులతోపాటు మాదాపూర్ కూడా చూపించాల్సిందే. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక కొన్నేళ్లపాటు ఆ గుండ్రటి మేడ ముందు ఫొటో దిగడం ఓ సరదా. 'అబ్బ, ఎంత బాగా కట్టారో!' అనుకుంటూ మెడ పైకెత్తి చూసినవాళ్లు ఎందరో. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల గురించి పత్రికలు అప్పట్నుంచీ రాస్తూనే ఉన్నాయి. వాళ్ల జీతాలు, నైట్‌షిఫ్టులు, నడుంనొప్పులు, ఒత్తిడి, ఆ ఒత్తిడికి యోగా, ధ్యానం... అన్నీ రాశాయి.

మరి 'ఎంత బాగా కట్టారో' అన్నారే, ఆ కట్టినవాళ్ల ఒత్తిడి మాటేమిటి?

హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా కోకాపేట దాకా వెళ్లి చూడండి. అద్దాల మేడల పక్కనే రేకుల ప్రహరీలు. రేకుల వెనక క్రేన్లు. క్రేన్ల కింద హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు. వాళ్లలో ఒక సైటు ఇంజినీరును తీసుకుందాం. పేరెందుకు? ఏ ప్రహరీ వెనక చూసినా ఇలాంటివాడు ఒకడు కనిపిస్తాడు. వయసు ముప్ఫై లోపు. ఊరు ఖమ్మమో, ఒంగోలో, పార్వతీపురమో. ఇంటర్లో తన పక్కన కూర్చున్నవాళ్లు కంప్యూటర్ సైన్సు తీసుకుని ఏడో అంతస్తులో ఏసీ గదిలో కూర్చుంటే, ఇతడు సివిల్ తీసుకుని పక్క స్థలంలో ఏడో అంతస్తుకు స్లాబు వేయిస్తున్నాడు. చదువుకునే రోజుల్లో దూలం మీద ఎంత బరువు పడుతుందో లెక్కకట్టడం నేర్పారు. తనమీద పడే బరువును లెక్కకట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

రాత్రిపూట స్లాబు

రద్దీ వేళల్లో భారీ వాహనాలను నగరంలోకి రానివ్వరు. అందుకే ఇక్కడ చాలా స్లాబులు రాత్రిళ్లే పడతాయి. ఆరంగుళాల మందంతో పదివేల చదరపు అడుగుల స్లాబు వేయాలంటే సుమారు 140 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. దూలాల లెక్క వేరే. ఒక్కో మిక్సరు లారీ ఆరు ఘనపు మీటర్లు తెస్తుందనుకుంటే స్లాబుకే 24 లారీలు వరుసగా రావాలి. ప్లాంటులో నీళ్లు కలిపిన క్షణం నుంచి గడియారం తిరగడం మొదలవుతుంది. మన వాతావరణంలో మామూలుగా రెండు గంటల్లోపు ఆ సరుకు సైటులో దిగిపోవాలన్నది నియమం. ముందు పోసింది గట్టిపడ్డాక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ కలవవు. సైటులో దాన్ని 'కోల్డ్ జాయింటు' అంటారు. రేపు వానాకాలంలో నీళ్లు కారేది అక్కణ్నుంచే కావచ్చు.

ఇప్పుడు ఆ కుర్రాడి పరిస్థితి ఊహించుకోండి. రాత్రి ఒంటిగంట. పదకొండో లారీ బయోడైవర్సిటీ కూడలి దగ్గర ఎక్కడో ఇరుక్కుంది. పంపు మొరాయిస్తోంది. పడమటి వైపు ఆకాశం మెరుస్తోంది. వైబ్రేటరు పట్టుకున్న కుర్రాడికి ఒడియా తప్ప మరో భాష రాదు. ఇంజినీరు ఒక చెవిలో ప్లాంటువాళ్లతో మాట్లాడుతూ, రెండో చెవితో పంపు శబ్దం వింటూ, కళ్లతో కింద సెంట్రింగ్ కర్రలు కదులుతున్నాయేమో చూస్తుంటాడు. తెల్లారి అయిదింటికి స్లాబు పూర్తవుతుంది. ఒళ్లంతా సిమెంటు. ఇంటికెళ్లి పడుకోవాలి కదా? పది గంటలకు ప్రోగ్రెస్ మీటింగు. 'నిన్నటి స్లాబు ఒక రోజు ఆలస్యమైంది, ఎందుకు?' అనేది మొదటి ప్రశ్న.

అలాంటి రాత్రి నెలకొకటి వస్తే సాహసంలా ఉంటుంది. వారానికి రెండు వస్తే? నిద్ర పోతుంది. ఆకలి పోతుంది. తర్వాత మాటలో మృదుత్వం పోతుంది. ఇంటికెళితే పాప దగ్గరికొచ్చి 'నాన్నా' అంటుంది. ఆ పిలుపు విని కూడా ఫోన్లోంచి తల ఎత్తడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో క్లయింటు తరఫు మనిషి స్తంభం ఫొటో పెట్టి 'ఇదేమిటి?' అని అడిగాడు. రాత్రి పదకొండైనా సరే, జవాబు చెప్పాలి.

నడుమ నలిగేవాడు

ఇంత తొందర ఎవరిది? సైటుకొచ్చి అరిచే ప్రాజెక్టు మేనేజరుదా? ఆయనా ఇంకొకరి అరుపు వినే వచ్చుంటాడు. మూలం ఇంకా పైన ఉంది. 2023 ఆగస్టులో కోకాపేటలో జరిగిన వేలంలో ఎకరం భూమి 100 కోట్ల రూపాయలు దాటింది. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేసి చూడండి. వందకోట్ల మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు కోటి రూపాయలు. రోజుకు మూడు లక్షల పైమాటే! అదీ ఒక్క ఎకరానికి. ఇటుక మీద ఇటుక పెట్టకముందే తిరిగే మీటరు అది. ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్లు మరోవైపు. వాళ్లకు ఇటు అద్దె, అటు బ్యాంకు వాయిదా. వాళ్ల తొందరలోనూ న్యాయముంది. ఆ తొందరంతా పైనుంచి మెట్టుమెట్టుగా దిగి, చివరికి నేల మీద నిలబడ్డ సైటు ఇంజినీరు భుజాల మీద ఆగుతుంది.

అతడి కింద మేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్లు, రాడ్ బెండర్లు. పాలమూరు, శ్రీకాకుళం నుంచి మొదలుకుని ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ దాకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. వాళ్లకు రెండువారాల కూలి అందలేదంటే మొదట నిలదీసేది ఇతణ్నే. ఆ బిల్లు పాస్ చేసే అధికారం ఇతడికి లేదు. ఇనుము ఎప్పుడొస్తుందో తేల్చేది కొనుగోళ్ల విభాగం. డ్రాయింగు మార్చేది ఆర్కిటెక్టు. వాన ఎప్పుడు కురవాలో ఎవరి చేతిలోనూ లేదు. ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చేది మాత్రం ఇతడే.

రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే దీనికో సూత్రం చెప్పాడు. పని ఎక్కువైనంత మాత్రాన మనిషి కుంగిపోడు. పని ఎక్కువై, ఆ పని మీద పెత్తనం తక్కువైనప్పుడు కుంగిపోతాడు. సైటు ఇంజినీరు ఉద్యోగం ఈ సూత్రానికి అచ్చుగుద్దిన ఉదాహరణ.

దీనికి తోడు భయం. 2007 సెప్టెంబరు 9 రాత్రి పంజాగుట్టలో, కడుతుండగానే ఫ్లైఓవర్లో కొంత భాగం కూలి ప్రాణాలు పోయాయి. అలాంటి వార్త విన్నప్పుడల్లా, తాను సంతకం పెట్టిన ప్రతి కాగితమూ కళ్లముందు తిరగడం ఈ వృత్తిలో ఉన్నవాడికి సహజం. సాఫ్ట్‌వేర్లో తప్పు దొరికితే దిద్ది మళ్లీ పంపొచ్చు. పోసిన దూలాన్ని వెనక్కి పిలవలేం.

ఆడపిల్లలైతే చెప్పనే అక్కర్లేదు. సివిల్ చదివే అమ్మాయిలు తక్కువేం కాదు. సైటులో సరైన మరుగుదొడ్డి ఉండదు కాబట్టి పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా గడిపే అమ్మాయికి ఎండ ఒక్కటే శత్రువు కాదు. రాత్రి స్లాబుకు ఉంటే ఇంట్లో ప్రశ్నలు. ఉండనంటే ఆఫీసులో 'అమ్మాయిలంతే' అన్న ముద్ర.

ఇక కూలీల ఒత్తిడి ముందు ఇంజినీరు ఒత్తిడి చిన్నదే. లాక్‌డౌన్లో అది లోకమంతా చూసింది. 2020 మే 1 తెల్లవారుజామున దేశంలోనే మొదటి వలస కూలీల రైలు, దాదాపు 1,200 మందితో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. అంతకుముందు నెలంతా 'మా ఊరు పంపించండి' అనేవాళ్లకూ, 'వాళ్లను ఆపండి' అనేవాళ్లకూ మధ్య నిలబడింది ఎవరు? చాలా సైట్లలో మళ్లీ ఈ నడిమి మనుషులే.

ఎవరి మందు వారిది

ఇంత బరువు మోస్తూ వీళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? ఎవరి ఉపాయం వారిది.

అన్నిటికన్నా పాత మందు చాయ్. పదకొండింటికి సైటు గేటు బయట బండి దగ్గర నిలబడి తాగే ఆ చిన్న గ్లాసును తేలిగ్గా తీసిపారేయకండి. ఆ పది నిమిషాలూ ఇంజినీరు, సూపర్‌వైజరు, లారీ డ్రైవరు ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఎవరి తిప్పలు వాళ్లు చెప్పుకుని నవ్వుకుంటారు. పొద్దున మీటింగులో బయటపడని నిజాలు అక్కడ బయటపడతాయి.

రెండో మందు అరుపు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మేనేజరు తిట్లు ఇంజినీరు మీదుగా మేస్త్రీకి, మేస్త్రీ నుంచి సెంట్రింగ్ కుర్రాడికి చేరతాయి. అరిచినవాడికి ఆ క్షణం తేలిగ్గా ఉంటుంది. తిట్లు తిన్న కుర్రాడు మాత్రం అదే మనసుతో పదో అంతస్తు అంచున కర్ర బిగించడానికి ఎక్కుతాడు. అక్కడ పరధ్యానం ఖరీదు ఎంతో వేరే చెప్పాలా? ఒత్తిడిని కిందికి తోసేస్తే పోదు. బెల్టు వేసుకోవడం మరిచిన మనిషి రూపంలో తిరిగొస్తుంది.

మూడోది అసలు మందే. స్లాబు పడింది, పార్టీ. స్లాబు పడలేదు, బాధ. రెంటికీ సీసాయే. మొదట వారానికోసారి, తర్వాత నిద్ర పట్టడానికి, ఆ తర్వాత లేవడానికి. మద్యంతో త్వరగా నిద్ర పట్టినట్టే ఉంటుంది కానీ, అర్ధరాత్రి దాటాక ఆ నిద్రను అదే చెడగొడుతుంది. తెల్లారి కళ్లెర్రగా సైటుకొచ్చినవాడు నిచ్చెన ఎక్కడం ఎంత ప్రమాదమో సేఫ్టీ ఆఫీసరుకు తెలుసు. చాలాసార్లు ఆ సేఫ్టీ ఆఫీసరే నిన్న రాత్రి పార్టీలో ఉన్నాడు.

నాలుగో ఉపాయం నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. కొందరు సైటు డైరీ రాస్తారు. ఇవాళ ఎందరు వచ్చారు, ఎన్ని లారీలు దిగాయి, ఏ డ్రాయింగు రాలేదు, ఎవరికి ఎన్ని గంటలకు చెప్పాం... సాయంత్రం పావుగంట కూర్చుని రాసేస్తారు. రేపు గొడవ వస్తే సాక్ష్యం అన్నది ఒక లాభం. కాగితం మీదికెక్కిన సంగతి రాత్రంతా బుర్రలో తిరగదన్నది ఇంకో లాభం. ఇంకొందరు జతలు కట్టుకుంటారు. 'ఈ స్లాబు నీది, వచ్చే స్లాబు నాది' అని ఒప్పందం. ఒకడు మేలుకుంటే ఒకడు పడుకుంటాడు. కంపెనీ రూల్సులో ఉండదిది. ఇద్దరి మధ్య నమ్మకం మాత్రమే.

'అయితది సారూ'

ఇవన్నీ మంచివే, అరుపూ సీసా తప్ప. అయితే ఇవన్నీ బరువు దిగాక నడుం పట్టుకునే పనులు. బరువు ఎక్కకముందే తగ్గించే ఉపాయం లేదా? ఉంది. అది ధ్యానం క్లాసులో లేదు, సోమవారం పొద్దున మేస్త్రీతో జరిగే సంభాషణలో ఉంది.

"మేస్త్రీ, శుక్రవారానికి కాలమ్స్ అయిపోవాలి."

"అయితది సారూ."

కావని మేస్త్రీకి తెలుసు. అవవని మేస్త్రీకి తెలుసన్న సంగతి ఇంజినీరుకూ తెలుసు. అయినా అదే మాట పైకి వెళుతుంది. మేనేజరు దానికి రంగులేసి క్లయింటుకు పంపుతాడు. శుక్రవారం వచ్చేసరికి అందరూ కలిసి ఆశ్చర్యపోయినట్టు నటిస్తారు. ఆ నటన కూడా ఒక బరువే. వారమంతా అబద్ధాన్ని కాపలా కాయాలి కదా!

అమెరికాలో గ్లెన్ బాలార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు 1990లలో నిర్మాణ సైట్లలో ఒక చిన్న లెక్క తీశారు. వారానికి ఇన్ని పనులు చేస్తామని అనుకున్నవాటిలో నిజంగా పూర్తయ్యేవి ఎన్ని? దాదాపు సగమే అని తేలింది. బద్ధకం వల్ల కాదు. పని మొదలెట్టడానికి కావాల్సిన ఇనుమో, డ్రాయింగో, ముందు జరగాల్సిన పనో సిద్ధంగా లేకుండానే తేదీ ఒప్పేసుకోవడం వల్ల. దానికి వాళ్లు చెప్పిన మార్గం 'లాస్ట్ ప్లానర్' పద్ధతి. పని చేయించే చివరి మనిషే వారం ప్రణాళిక వేయాలి. అడ్డంకులు తొలగిన పనికే మాటివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, 'కాదు' అనే హక్కు అతడికి ఉండాలి. 'కాదు' అనలేనివాడి 'అవును'కు విలువేముంది?

అదే సంభాషణ ఇంకోలా జరిగితే ఇలా ఉంటుంది.

"మేస్త్రీ, శుక్రవారానికి అవుతుందా? నిజం చెప్పు."

"గా చువ్వలు బుధవారం దిగితే శుక్రవారం సారూ. లేకుంటే సోమవారమే."

మీటింగులో చెప్పడానికి ఈ జవాబు కాస్త కష్టమే. కానీ ఇప్పుడు ఇంజినీరు వెంటపడాల్సింది మేస్త్రీ వెంట కాదు, చువ్వల లారీ వెంట. అది అతడు చేయగలిగిన పని. పెత్తనం రవ్వంత చేతికొచ్చింది. కరాసెక్ సూత్రం ప్రకారం ఒత్తిడి తగ్గడం మొదలయ్యేది ఇక్కడే.

ఇది నేర్పే చోటు మన దగ్గర లేకపోలేదు. హైటెక్ సిటీ పుట్టిన 1998లోనే, ఆ పక్కనే కొండాపూర్ వైపు జాతీయ నిర్మాణ విద్యాసంస్థ 'న్యాక్' కూడా మొదలైంది. తాపీ పని నుంచి ఇంజినీర్ల శిక్షణ దాకా అక్కడ నేర్పుతారు. గోడ నిలువుగా ఉందో లేదో గుండు కట్టి చూడటం ఎంత ముఖ్యమో, నిజమైన తేదీ చెప్పడం అంతే ముఖ్యమని ప్రతి శిక్షణలోనూ ఒక పాఠం ఉంటే మంచిదే కదా.

పక్కవాడి చూపు

కొన్నిసార్లు ఇవేవీ సరిపోవు. మాట్లాడే మనిషి మాట్లాడటం మానేస్తాడు. చాయ్ దగ్గరికి రాడు. తన టేపూ హెల్మెట్టూ ఎవరికో ఇచ్చేస్తాడు. 'ఇక నా వల్ల కాదు' అని నవ్వుతూ అంటాడు. నవ్వాడు కదా అని అంతా వదిలేస్తారు.

ఇది మన ఒక్కచోటి సంగతి కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ గణాంకాల సంస్థ 2011 నుంచి 2015 వరకు లెక్కలు తీసి 2017లో ప్రకటించింది. నిర్మాణ రంగంలో ముఖ్యంగా కూలిపని చేసే మగవాళ్లలో ఆత్మహత్యల ముప్పు దేశంలోని మగవాళ్ల సగటుకన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువని తేలింది. ఆస్ట్రేలియాలో 2008లోనే క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 'మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. దాని సూత్రం చాలా సాదా. సైటుకు డాక్టరు రాడు. వచ్చినా అక్కడి మగవాళ్లు నోరు విప్పరు. కాబట్టి పక్కన పనిచేసేవాడికే గుర్తుపట్టడం నేర్పాలి. శిక్షణ పొందినవాళ్లు హెల్మెట్ మీద స్టిక్కరు అంటించుకుంటారు. 'నాతో మాట్లాడొచ్చు' అని దానర్థం.

మన సైట్లలో స్టిక్కరు లేకపోయినా చాయ్ బల్ల ఉంది. 'ఏంటి తమ్ముడూ, నాలుగు రోజులుగా అదోలా ఉన్నావు?' అని ఒక సీనియరు అడగడానికి బడ్జెట్ అక్కర్లేదు. అడిగాక సలహాలివ్వకుండా వినడం కాస్త కష్టమే అయినా నేర్చుకోవచ్చు. అంతకన్నా పెద్ద సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. 14416కు ఏ వేళప్పుడు ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. రాత్రి స్లాబు దగ్గర మేలుకుని ఉన్నవాడికి రాత్రిపూట కూడా పలికే నంబరు ఒకటి తెలిసుండటం మంచిది. సైటు గేటు దగ్గర 'హెల్మెట్ లేనిదే ప్రవేశం లేదు' అని రాసే బోర్డు మీద ఆ అయిదంకెలకు కూడా చోటుంటుంది.

సైటులో ఎవరి తొందరకూ లొంగనిది ఒకటే ఉంది, కాంక్రీటు. పోసిన మర్నాడే స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నింపుతారు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి తడుపుతారు. మామూలు సిమెంటైతే కనీసం వారం రోజులు తడి ఆరకూడదన్నది నియమం. స్లాబు కింద ఆసరా కర్రలు తీయడానికి దాని పొడవును బట్టి 7 రోజులో, 14 రోజులో ఆగాలి. పెద్ద దూలాలకైతే 21 రోజులు. అసలు బలం తేల్చే క్యూబు పరీక్ష 28వ రోజున. రసాయనాలు కలిపి కొంత త్వరపెట్టొచ్చు కానీ, అప్పుడు కూడా పరీక్షలో నెగ్గాకే కర్రలు తీస్తారు. ఎండీ గారు స్వయంగా వచ్చి గద్దించినా క్యూబు ఒక్కరోజు ముందు గట్టిపడదు. ఎవరూ దాన్ని సోమరి అనరు. దాని స్వభావం అంతేనని షెడ్యూల్లోనే ఆ రోజులు రాసుకుంటారు.

మనిషి స్వభావం కూడా అంతే కదా! రాత్రంతా నిలబడి స్లాబు వేయించినవాడికి మర్నాడు నిద్ర కావాలి. వారానికో రోజు ఫోన్ మోగకుండా ఉండాలి. ఇవి మేనేజరు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు ఇచ్చే బహుమతులుగా మిగిలినంతకాలం, వడ్డీ లెక్క ముందు నిలబడలేవు. క్యూరింగ్ రోజుల్లాగే వాటినీ బార్‌చార్టులో ఒక గడిగా గీయాలి. 'స్లాబు మర్నాడు, రాత్రి పనిచేసిన జట్టుకు సెలవు' అన్న ఒక్క వరుస రాయడానికి పెన్సిలు చాలు.

ఈసారి ఆ దారిన వెళ్తూ కొత్త మేడను చూసి 'ఎంత బాగా కట్టారో' అనిపిస్తే, పక్కనున్న చాయ్ బండి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. సిమెంటు మరకల బూట్లతో, ఫోన్లో ఎవరికో 'అవుతుంది సార్, అవుతుంది' అని చెబుతూ ఒకడు నిలబడి ఉంటాడు. అతడి చేతిలో గ్లాసు చల్లారిపోతుంటుంది.